రెండొందల పన్నెండు ఆల్చిప్పలు

అక్క రైల్లో ఉంది. ఆమె ల్యాబ్‌లో ఆల్చిప్పల తొట్టి పక్కన నిలబడి తమ్ముడు ఫోన్ చేశాడు. రెండు రోజులుగా తొట్టికి కాపలా అతనే.

"అక్కా, నీ ఆల్చిప్పలన్నీ హాయిగా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఆకలేమో, మేత వెయ్యనా?"

"అన్నీ తెరిచాయా? ఒకదాన్ని గోటితో తట్టు. బతికుంటే ఠక్కున మూసుకుంటుంది."

"తట్టా. మూసుకోలేదు."

"నీళ్ళ వేడెంత?"

"ముప్పై ఆరు."

"పద్దెనిమిది దాటకూడదురా! చల్లబరిచే మిషన్ ఆగిందా?"

"లేదే, తిరుగుతూనే ఉంది. నా కొత్త పవర్ బోర్డుక్కూడా ఈ తొట్టి చల్లనీళ్ళే తిప్పుతున్నా కదా. రెండు రోజులు ఫుల్ లోడ్ మీద నడిపినా ట్రాన్సిస్టర్లు చెక్కుచెదరలేదక్కా. చెయ్యి పెట్టినా కాలడం లేదు."

"మరి ఆ వేడంతా ఎక్కడికి పోయిందిరా?"

అతను తొట్టి నీళ్ళలో వేలు ముంచి చూశాడు.

"వేడి మాయమవదు, చోటు మారుతుందంతే అని క్లాసులో చెప్పేది నువ్వే కదరా."

"బోర్డు కట్టేశానక్కా. ఐసు తెచ్చి పొయ్యనా?"

"ఆరేళ్ళు పెంచాన్రా వాటిని. ఎన్ని తట్టావు?"

"ఒకటే."

"ఇంకా రెండొందల పదకొండు ఉన్నాయి. ఫోన్ పెట్టెయ్యకు. ఒక్కొక్కటీ తట్టు. మూసుకుంటే ఆ చప్పుడు నాకు వినపడాలి."

ముప్పై ఏడోదాని వరకూ ఇద్దరికీ వినిపించింది గోటి చప్పుడూ రైలు చప్పుడూ మాత్రమే.

"ఇక ఆపెయ్యనా అక్కా?"

"తట్టు."