బెల్టు చివర బురద

అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్. ఆదివారం పొద్దున్న. తమ్ముడు తను కొన్న పాత కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అక్క ఇంకా ఎక్కలేదు.

"ఎక్కక్కా, ఒక్క రౌండు. చుట్టూ తిరిగొద్దాం."

"ముందు ఆ సెంటు డబ్బా తీసి బయట పారెయ్. కళ్లు మండుతున్నాయి."

"నిమ్మకాయ వాసనది. కారుతో పాటు ఊరికే ఇచ్చాడు."

"కారు అమ్మేవాడు ఊరికే సెంటిచ్చాడంటే ఏదో కంపు కప్పిపెడుతున్నాడనే. పద్నాలుగేళ్లుగా దెబ్బతిన్న బళ్లు చూసి ఇన్సూరెన్స్‌కి రాసే ఉద్యోగంరా నాది. నాకు చెప్పకు."

"మొదలెట్టావా! నువ్విలా అంటావనే కొన్నాక చూపిస్తున్నా. ముందు లెక్క విను."

"నీ లెక్కలు నాకెందుకు?"

"వినవే తల్లీ. కొత్తదైతే తొమ్మిది లక్షలు. ఐదేళ్లు వాయిదాలు. షోరూం గేటు దాటగానే అందులో లక్షన్నర గాలికి పోతుంది. ఇదేమో మూడు లక్షల పదివేలు, ఒక్క వాయిదా లేదు. ఫ్యాక్టరీ బస్సు ఎత్తేశారు కదా, పోనూ రానూ ఎనభై నాలుగు కిలోమీటర్లు. మిగిలిన డబ్బుతో నాలుగేళ్లు పెట్రోలు కొట్టించుకోవచ్చు."

"మిగిలిన డబ్బా? నీ దగ్గర ఉంటే కదా మిగలడానికి?"

"కట్టక్కర్లేని అప్పు మిగిలినట్టే కదా! మా సూపర్‌వైజర్ కొత్తది కొన్నాడు. గీత పడుతుందని బండి ఇంట్లో పెట్టి మాతో పాటు బస్సెక్కేవాడు. ఇప్పుడా బస్సూ లేదు, పాపం."

"రిపేర్లు?"

"ఏడాదికి ముప్ఫై వేలు వేసుకున్నా."

"టైర్లు?"

"వేసుకున్నా."

"ఈ కంపుకెంత వేసుకున్నావు?"

"కంపు నీ ముక్కులోనే ఉంది. నాకేం రావట్లేదు."

"నా మరదలు ఎక్కిందా ఇందులో?"

"నిన్న ఎక్కింది."

"ఏమంది?"

"ఏమనలేదు. దిగి వాంతి చేసుకుంది. అంటే... మూడో నెల కదా, దేనికైనా చేసుకుంటోంది."

"శభాష్. కారు కంపు కూడా కడుపులో బిడ్డ మీదే తోసేశావు."

"రేపటి నుంచి తనని స్కూలు దగ్గర దింపేసి నేను ఫ్యాక్టరీకి. దారే కదా. ఇన్నాళ్లూ నిలబడి వెళ్లేది బస్సులో, టీచరమ్మ కాళ్లు వాచిపోయేవి."

"పక్కకి జరుగు. ఈ సీటు కింద కడ్డీ చూశావా?"

"ఏముంది?"

"తుప్పు. సీటు గుడ్డ మాత్రం తళతళలాడుతోంది. పైన పటారం లోన లొటారం. ఆ బెల్టు ఇలా ఇవ్వు."

"బెల్టెందుకు?"

"ఇవ్వరా. చివరిదాకా లాగుతా... ఇంకా ఉంది... ఇంకా... ఇదిగో. చూడు."

"ఏంటది?"

"బురద. కారంతా కడుగుతారు, సీట్లకి కొత్త గుడ్డ వేస్తారు, ఇంజన్‌కి నూనె పూసి మెరిపిస్తారు. బెల్టు మాత్రం చివరికంటా లాగి ఎవడూ కడగడు. సీటు దాకా మునిగిందిరా ఈ బండి."

"దుమ్మేమో."

"దుమ్ము గీత గీసినట్టు ఆగుతుందా? వాసన చూడు."

"వద్దులే."

"చూడమంటున్నానా!"

"... యాక్!"

"ఆఁ. మొన్న వానల్లో పొంగిన మురిక్కాలవ. ఊరందరి పెంటా ఇందులో ఊరింది. దీని మీద నా మరదల్ని కూర్చోబెట్టి, నిమ్మకాయ వాసన చూపిస్తావా? ఛీ. నా చెయ్యి కూడా కంపు కొడుతోంది."

"సరే, సీట్లు మొత్తం మార్పిస్తా. ఎంతవుతుంది?"

"సీట్లు కాదురా! ఇక్కడ, గేరు కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. గుద్దుకుంటే ఎదుటి ఎయిర్‌బ్యాగ్‌ని తెరుచుకోమని చెప్పేది అదే. అది మురిక్కాలవలో నానింది. గుద్దినప్పుడు తెరుచుకోదు. లేదంటే ఊరికే పోతున్నప్పుడు మొహం మీద పేలుతుంది. వైర్లూ అంతే. ఇవాళ బాగుంటాయి. ఆరు నెలలకో ఏడాదికో లోలోపల కుళ్లి, నువ్వు ఎనభైలో పోతున్నప్పుడు చేతులెత్తేస్తాయి. ఇది రోడ్డెక్కాల్సింది కాదు. తుక్కు."

"మరి రిపోర్టులో..."

"ఏ రిపోర్టు?"

"ఏం లేదు."

"ఇప్పుడేదో అన్నావు."

"ఇన్సూరెన్స్ వాళ్ల కాగితం ఒకటి చూపించాడులే. నీళ్లు కింద కార్పెట్ దాకానే వచ్చాయి, ఇంజన్‌కీ వైర్లకీ తగల్లేదు, శుభ్రం చేసుకుని వాడుకోవచ్చు అని."

"అంటే మునిగిందని తెలిసే కొన్నావా?"

"కార్పెట్ తడిసిందని తెలిసి కొన్నా. అందుకే కదా అరవై వేలు తగ్గించాడు."

"థూ! ఎవడ్రా ఆ రాసినవాడు? వాడికి కళ్లున్నాయా? ఒక్కసారి, ఒక్కసారి బెల్టు లాగి చూసుంటే..."

"వదిలెయ్ అక్కా."

"ఎందుకు వదలాలి? ఇలాంటివాళ్ల వల్లే మేమందరం దొంగలమైపోతున్నాం. కూర్చున్న కుర్చీలోంచి లేవరు, సంతకం గీకి పడేస్తారు. తడిగుడ్డతో గొంతులు కోసే రకాలు. ఏదీ, ఆ కాగితం ఇలా తే."

"పైన ఇంట్లో ఉందేమో."

"ఆ ముందు అరలోంచి బయటికి కనిపిస్తోందేంటి?"

"అది... సర్వీసు కాగితం."

"ఏంట్రా అలా నీళ్లు నములుతున్నావు?"

"తప్పు నాదేనక్కా. చవగ్గా వస్తోందని ఎగబడ్డాను. వెనక్కిచ్చేస్తా. తీసుకోనంటే తుక్కు కింద అమ్మేస్తా. పద, పైకెళ్లి కాఫీ తాగుదాం. చెయ్యి కడుక్కుందువుగాని."

"మూడు లక్షల బండి తుక్కుకా? కాన్పుకి దాచిన డబ్బు కూడా ఇందులోనే పోశావు కదరా. మరదలు చెప్పింది."

"పోతే పోయింది."

"ఎందుకు పోవాలి? నువ్వు కాదు పోగొట్టుకోవాల్సింది, ఆ రాసినవాడు. రేపే ఫిర్యాదు పెడతా. వాడి లైసెన్సు ఊడేదాకా నిద్రపోను. జరుగు."

"వద్దక్కా."

"జరగరా!"

"అక్కా, నా మాట విను, చెయ్యి తియ్... అక్కా!"

"నీళ్లు కార్పెట్ దాకానే... కింద సంతకం..."

"చెప్పాను కదా వద్దని."

"ఇది... నాది."

"ఊఁ."

"నా సంతకం."

"ఊఁ."

"చూసి కూడా చెప్పలేదేం?"

"చూసే కొన్నాను. వాడింకా ఏదో చెప్పబోతుంటే నేనే ఆపేశా. మా అక్క సంతకం ఉంది, ఇంక మెకానిక్ ఎందుకు అన్నా. బేరమాడితే ఇంకో ఐదు వేలు తగ్గేదే, అయినా ఆగలేదు, ఎక్కడ చెయ్యిజారిపోతుందో అని. ఇవాళ నిన్ను ఒక రౌండు తిప్పి, కాగితం చేతిలో పెట్టి నవ్విద్దామనుకున్నా. నువ్వేమో ఎక్కకముందే తిట్టడం మొదలెట్టావు. ఇంకెలా చెప్పను?"

"ఆ వారం రోడ్లే లేవురా. మోకాలి లోతు నీళ్లు. ఫొటోలు పంపితే చాలు, చూసి రాసెయ్యమన్నారు ఆఫీసులో. ఈ బండి ఓనరు కార్పెట్టు ఫొటోలు నాలుగు పంపాడు. నాలుగే."

"సరేలే. నీ తప్పేముంది?"

"నా తప్పు కాకపోతే ఎవరిది? బెల్టు ఫొటో పంపమని అడగొచ్చు. ఒక్క ముక్క. అడిగితే ఇంకో రోజు పడుతుంది, పై ఆయన అరుస్తాడని అడగలేదు. అందుకు, చూడు, నా చేత్తో నా మరదల్ని... ఛీ. నా మీద నాకే రోతగా ఉంది."

"ఊరుకోక్కా. నిన్న వీధి చివరిదాకా ఎక్కింది, అంతే. రేపు రెండు బస్సులు మారి పోతాం. ముందే పట్టేశావు, అది చాలదా? అంత పనిలో ఎవరికైనా ఒక్క బండి జారుతుంది."

"ఒక్కటి కాదు. ఆ వారం కుర్చీలోంచి లేవకుండా అరవై ఒకటి రాశాను."

"అన్నీ ఫొటోలు చూసేనా?"

"ఊఁ."

"మరి మిగతా అరవై బళ్లలో ఇప్పుడెవరు తిరుగుతున్నారక్కా?"