లింగయ్య చూస్తే కట్టె పడుతది

"అవ్వా, నర్సిమ్మ బావ బయటి దేశంల హైజంపు దుంకిన నాడు ఇంట్ల ఏమైందో చెప్పవా?"

గా ముచ్చటనా? మొన్ననే చెప్తి గద బిడ్డా. ఆ, కాదు, మొన్న చెప్పింది మీ అమ్మకు. సరే, గా ఫోను జర దూరం పెట్టు, మూతికాడ పెడితే నాకు మాట రాదు.

నర్సిమ్మ మీ లింగయ్య మామ కొడుకాయె. చిన్నప్పటి సంది గదే పొడుగు. మన పాతింటి దర్వాజ కురుచ గద, పొద్దున లేస్తే చాలు టంగుమని నెత్తికి తలిగేది. తలిగినప్పుడల్ల మీ తాత ఉరికొచ్చి దర్వాజను తడిమి చూసేటోడు, యాడన్న పలిగిందేమోనని. పోరని నెత్తి చూసేటోడు కాదు. అది టేకు దర్వాజ బిడ్డా, మా మామ చేయించింది. ఇప్పుడు గసుంటి కట్టె యాడ దొరుకుతది.

ఆ, ఏం చెప్తున్న? హైజంపు. బడిల పీటీ సారు మనోని కాళ్ళు చూసి ఎనకకు దుంకుడు నేర్పిండు. ముందుకు కాదు, ఎనకకు. ఉరికొచ్చి, కట్టెకు ఈపు మర్రేసి, మంచంల పండుకున్నట్టు వెల్లకిల లేస్తడు. నేను మొదటిసారి చూసింది మన కల్లంల. రెండు గుంజల నడుమ వెదురు బద్ద పెట్టుకొని, అవుతల గడ్డి పరుచుకొని దుంకుతాండు. నాకేం ఎరుక? పోరడు సోయి తప్పి పడ్డడనుకొని చెంబెడు నీళ్ళు మొకాన కొట్టిన. "అవ్వా, గిది ఆట" అంటడు. గదేం ఆటనో, నడుములు ఇరిగేటట్టు.

సరే, పోరడు ముందుకు వచ్చిండు. పట్నంల ఆటల హాస్టల్ల చేరిండు. గని మీ మామ సంగతి ఉంది సూడు, గదే అసలు ముచ్చట. నల్గొండల జిల్లా పోటీలైతే కొడుకును తన ఆటోల కూసోబెట్టుకొని తనే పోయిండు. ఈయన చూస్తాండు, పోరడు దుంకిండు, కట్టె పడ్డది. మల్ల చూసిండు, మల్ల పడ్డది. ఎత్తుకు మూడుసార్లే ఇస్తరట, మూడోసారి గూడ పడితే ఇంటికే. మీ మామకు బుగులుకు ఒంటికొచ్చి అవుతలికి పోయిండు. తిరిగొచ్చేసరికి పోరడు దాటి నిలబడ్డడు.

ఇగ ఆన్నుంచి, "అమ్మా, నేను చూస్తే వాడు కట్టె పడగొడుతడే" అని పట్టుకున్నడు. ఎందరు చెప్పినా ఇనలే. ఎన్నేండ్లు బిడ్డా, ఏ పోటీకైనా తనే తీస్కపోవుడు, గేటుకాడ దించుడు, రోడ్డు దిక్కు మొకం పెట్టి ఆటోల కూసునుడు. కొడుకు దుంకుడు ఊరంత చూసింది, కన్న తండ్రి చూడలే. ఒక్కోనాడు అన్నం తినుకుంట, "అమ్మా, వాడు లేస్తే ఎట్లుంటదే?" అని నన్నడిగేటోడు. నేనేం చెప్పాలె? కొంగ లేసినట్టు ఉంటదని చెప్పిన.

గప్పుడు వచ్చింది, అన్ని దేశాల పోరగాళ్ళకు పెట్టే పోటీ. పెద్దోళ్ళకు కాదు, ఇరవై దాటనోళ్ళకు. మనోడు ఇమానం ఎక్కి పోయిండు. ఇమానం దర్వాజ గూడ కురుచనే ఉందట, ఫోన్ చేసి చెప్పిండు.

ఆ దినం మన ఇంట్ల చూడాలె. మీ పద్మత్త తమ్ముడు రమేషు టీవీకి ఏందో డబ్బా కలిపి ఆట పెట్టిండు. మా తోడికోడలు సైలమ్మ అందరికంటె ముందుగాలనే వచ్చి కుర్చీల కూసున్నది. మీ మామనేమో కొట్టంల బర్రెకాడ కూసోబెట్టినం. తనే పోయిండు, మేం ఎల్లగొట్టలే.

నర్సిమ్మ వచ్చిండు. తెల్ల పోరగాళ్ళు, నల్ల పోరగాళ్ళు, అందరు గుంజల లెక్క ఉన్నరు. మొదటి ఎత్తు దాటిండు, తర్వాతది దాటిండు. గా పైది పెట్టిండ్రు, కట్టె పడ్డది. గప్పుడే కరెంటు పోయింది. ఇగ అడగకు, సైలమ్మ కరెంటోళ్ళను తిట్టుడు. శానాసేపటికి వచ్చింది. రమేషు ఏదో ఒత్తిండు, "ఏం పోలే, ఆగిన కాన్నుంచే వస్తాంది" అన్నడు. మేం సంబురపడ్డం. రెండోసారి దుంకిండు, మల్ల పడ్డది.

పద్మ చటుక్కున కిటికీ దిక్కు చూసింది. చూస్తే ఏముంది, కడ్డీల నడుమ మీ మామ తలకాయ.

"ఏమయ్యా, చూస్తున్నవా?"

"లేదే. బర్రెకు నీళ్ళు పెడుతున్న."

"బర్రె కిటికీల ఉన్నదా?"

కిటికీ మూసి గొళ్ళెం పెట్టింది. ఇగ మూడోసారి. ఇది పోతే పోరడు ఇంటికే. నర్సిమ్మ టీవీల నిలబడి చేతులు దులుపుకుంటాండు, గుడ్లప్పజెప్పి కట్టెనే చూస్తాండు. గప్పుడు పద్మ ఫోను మోగింది.

"అమ్మా, నేను, నర్సిమ్మను."

పద్మకు మతి పోయింది. "నువ్వు గాడ దుంకాలె గదరా, గిప్పుడు ఫోనేంది? పెట్టు, ముందు దుంకు."

"దుంకుడు ఎప్పుడో అయిపోయిందే. మూడోడ్ని అయిన. కంచు మెడల్ వచ్చింది."

మేమంత టీవీ చూసినం. పోరడు గాడనే ఉన్నడు, ఇంక చేతులు దులుపుకుంటనే ఉన్నడు. సైలమ్మ నా చెవుల, "అక్కా, మరి ఫోన్ల మాట్లాడేది ఎవడే?" అన్నది. రమేషు నెత్తి కొట్టుకున్నడు. కరెంటు పోయినంత సేపు ఆట ఎనక పడ్డదట, మేం చూసేది అయిపోయిన ముచ్చటట. నాకు ఇప్పటికీ సరిగ్గ సమజ్ కాలే, గని పద్మ ఏడుస్తాంది, నవ్వుతాంది, ఫోనును ముద్దు పెట్టుకుంటాంది.

నేను పోయి కొట్టం తలుపు తీసిన. "బిడ్డా, గెలిచిండు. ఇగ నువ్వు చూసినా ఏం కాదు, రా." మీ మామ చేతుల తౌడు అట్లనే ఉంది. వచ్చి టీవీ ముంగట కింద కూసున్నడు. కూసొని కండ్లు మూసుకున్నడు.

"అయిపోయింది గదయ్యా, తెరువు" అన్నది పద్మ.

తెరిచిండు. నర్సిమ్మ ఉరికొచ్చిండు, ఈపు మర్రేసిండు, లేసిండు. కట్టె జర కదిలింది, గని పడలే. మీ మామ టీవీ దగ్గరికి జరిగిండు. దాని మీది ఎత్తు పెట్టిండ్రు, పోరడు మల్ల లేసిండు. ఈసారి కట్టె పడ్డది. మేమంత అయ్యో అన్నం.

మీ మామ ఒక్కడే అనలే. "గింత ఎత్తు లేస్తడానే వాడు?" అన్నడు, మెల్లగ. "గదే దుంకుడు మల్ల పెట్టు రమేషూ." పెట్టిండు. కట్టె పడ్డది. "మల్లొకసారి పెట్టు." కట్టె పడుతనే ఉంది, మీ మామ మురుస్తనే ఉన్నడు. గట్ల ఎన్నిసార్లు పెట్టించిండో. బర్రె అవుతల అరుస్తాంది, పాలు పిండేటోడు లేడు. సైలమ్మ లేసి పోయి పిండింది, దానికి సైలమ్మ చెయ్యి అలవాటు లేదు, ఒక్క తన్ను తన్నింది...

సరే బిడ్డా, ఇగ ఆపు, గొంతెండిపోయింది. నువ్వు గూడ మంచిగ పైకి రా తల్లీ. యాడ గెలిచినా, యాడ పడ్డా, మీ నాయిన కండ్ల ముంగటనే కావాలె. నిండు నూరేండ్లు సల్లగుండు. జర గా మంచినీళ్ళందుకో...