గేదె దగ్గర ఎడమకు: డేవిడ్‌రాజు గారి వెబ్‌సైటు పాఠాలు

1994 జూలై పదకొండవ తేదీన, ఉదయగిరి నుంచి తొలి బస్సులో వచ్చి, చొక్కా మీది దుమ్ము దులుపుకొని, ఆత్మకూరులోని మా సాంకేతిక కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా చేరిన శ్రీ డేవిడ్‌రాజు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు.

తొలి ఇరవై ఏళ్లూ సాంకేతిక రచనను నల్లబల్ల మీదనే బోధించిన వారు, కళాశాలకు ఇంటర్నెట్ రాగానే అసైన్‌మెంట్లన్నీ వెబ్‌సైటుకు మార్చారు. ఏదైనా ఒక పని చేసే విధానాన్ని విద్యార్థి రాసి అందులో పెట్టాలి. డేవిడ్‌రాజు గారు అక్షరాలా అలాగే చేసి చూసి, కుదిరితేనే మార్కులు వేస్తారు. నీళ్ల మోటారు విప్పే విధానం చదివి సొంత ఇంటి మోటారునే విప్పేశారు; బిగించే విధానం రాయాల్సిన విద్యార్థి జ్వరమొచ్చి సీతారామపురం వెళ్లిపోయాడు. అతడు కోలుకునే దాకా బిందెలతో నీళ్లు మోసిన ఆయన సతీమణి సుకుమారి గారు ఆ అసైన్‌మెంటుకు సున్నా వేశారు.

ప్రిన్సిపాల్ సురేంద్రబాబు గారికి ఈ పద్ధతి మొదటి నుంచీ మింగుడు పడలేదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా మళ్లీ నల్లబల్లేనని ముందే హెచ్చరించారు.

ఒక ఏడాది దుత్తలూరు విద్యార్థి శ్రీకాంత్ కళాశాలకు దారి రాశాడు: “బస్టాండు నుంచి తిన్నగా వచ్చి, గేదె కట్టేసిన చోట ఎడమకు తిరగవలెను.” డేవిడ్‌రాజు గారు నడిచి చూశారు, గేదె ఉంది, పూర్తి మార్కులు వేశారు. వెబ్‌సైటులో ఆ దారి చదువుకొని తనిఖీ బృందం వచ్చిన నాడు మాత్రం ఆ గేదె మేతకు పోయింది. పాపం, వారు ఇంకో వీధిలో ఇంకో గేదెను చూసి ఎడమకు తిరిగి, ఒక పెళ్లి పందిట్లో తేలారు. పన్నీరు చల్లి బిర్యానీ వడ్డిస్తే, అంతా కళాశాల ఏర్పాటే అనుకొని కడుపారా భుజించి, మూడు గంటలకు మా గేటు దగ్గరకు చేరారు.

“ఏంది రాజుగారూ, మీ వెబ్‌సైటు కొంప ముంచినాది గదా! ఆ పిల్లోడి మార్కులు తీసేయండి ముందు!” అని సురేంద్రబాబు గారు అందరి ముందూ మండిపడ్డారు. శ్రీకాంత్‌కు ఏడుపొక్కటే తక్కువ.

డేవిడ్‌రాజు గారు లేచి నిలబడ్డారు. “వాడు కంటికి కనపడింది రాసినాడు సార్. రేపు గూడా గేదె ఆడనే ఉంటాదా అని అడగాల్సింది నేను. కావాలంటే నా పాఠం ఆపేయండి, వాడి మార్కుల జోలికి మాత్రం పోబాకండి.”

ఎన్నో ఏళ్లు ప్రాణం పెట్టి పెంచుకున్న పాఠాన్ని ఒక్క విద్యార్థి కోసం వదులుకోవడానికి సిద్ధపడ్డ ఆ మనిషిని మేమంతా ఆ రోజు కళ్లారా చూశాం. బృందం పెద్ద నవ్వాపుకొని, “పాఠం ఆపకండి, దారి సరిచేయించండి. అన్నట్టు, పెళ్లివారికి మా ఆశీస్సులు కూడా అందజేయండి” అన్నారు. పాఠం నిలిచింది, ఇంతవరకూ నిరాటంకంగా సాగుతూనే ఉంది.

డేవిడ్‌రాజు గారు సుకుమారి గారితో కూడి, ఉదయగిరిలో ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో, చిరకాలం వర్ధిల్లుదురు గాక! ఇక్కడ ఏ విద్యార్థి తప్పు రాసినా, లేచి నిలబడే బాధ్యత ఇకపై మాది.