లిఫ్టుకి అంటించాల్సిన మాట

రెండు రోజులుగా లిఫ్టు కదలడం లేదు. బిల్డింగు మేనేజరు చేతిలో కాగితంతో, అనువాదాలు చేసే వదిన దగ్గరికి వచ్చాడు.

“‘సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్’ అని అరబీలో రాసివ్వు వదినా. లిఫ్టుకి అంటిస్తాను.”

“ఎవరికి చెబుతున్నావు, ఎందుకు చెబుతున్నావు?”

“డిక్షనరీలో ఉండదా?”

“డిక్షనరీ మెట్లెక్కదుగా మరిదీ! సందర్భం తెలిస్తేనే మాట కుదిరేది.”

“ఐదో అంతస్తు పెద్దావిడకి. అరబీ తప్ప రాదు. రేపు డయాలిసిస్‌కి వెళ్లాలట.”

“మరి దిగేదెలా?”

“సారీ చెబుతున్నాంగా!”

“అబ్బో! దాన్నే పట్టుకుని దిగుతుందిలే.”

వదిన నాలుగు వరుసలు రాసిచ్చింది.

“ఇంత పొడుగా? ఏం రాశావు?”

“‘అమ్మా, రేపు మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి నేనే కిందికి మోస్తాను. ఇట్లు, మేనేజరు.’ సందర్భానికి సరిపోయింది కదూ?”

మేనేజరు నడుం తడుముకుని, లిఫ్టు మెకానిక్కుకి ఫోను కలిపాడు.

“అన్నా, ఇవాళే రావాలి!”