ఏసుపాదం గారు ఒప్పుకున్న మూడో ఉత్తర్వు

1948 జూలై 5వ తేదీన తెనాలి కాలువల శాఖ కార్యాలయంలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీ కొండ్రు ఏసుపాదం గారు, ముప్పై సంవత్సరాల నిష్కళంక సేవానంతరం, ఈ నెలాఖరున రేపల్లె కార్యాలయ హెడ్ గుమాస్తాగా పదవీ విరమణ చేయుచున్నారు. కొలకలూరులో కూలి చేసుకుని బ్రతికే దంపతులకు జన్మించి, మిషన్ బడిలో విద్యనభ్యసించి, చక్కని చేతివ్రాతతో అధికారుల మన్ననలందుకున్న ఆ సౌజన్యమూర్తిని గూర్చి వ్రాసే అవకాశం మా అదృష్టం.

తెనాలిలో ఆయన కంఠస్వరం విన్నవారు అరుదు. ఏసుపాదం గారికి నత్తి. ఎవరేమడిగినా జవాబును చిన్న కాగితం మీద వ్రాసి బల్లమీదుగా జరిపేవారు. వారి మౌనాన్ని పాండిత్యమని కొందరు, గర్వమని కొందరు భావించారు. పాపం, ఆయనకు ఆ రెండూ లేవు.

1960లో బాపట్లకు బదిలీ అయ్యాక, మరుసటి ఏడాదే హెడ్ గుమాస్తాగా పదోన్నతి వచ్చింది. ఇంజినీరు గారు ఊళ్లో లేనప్పుడు రైతులను సమావేశపరచి నీటి వంతులు చెప్పవలసిన ఉద్యోగమది. ఆయన "కుటుంబ కారణముల వలన" వద్దని వ్రాసిచ్చారు. 1966లో మళ్లీ వచ్చింది, మళ్లీ అవే కారణాలు. ఆ కారణాలేమిటో కుటుంబానికి మాత్రం తెలియదు. ఎంతటి అణకువ అని మేమందరం మెచ్చుకున్నాం. చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, పాస్టరు గారు ప్రార్థన చేయమని పిలుస్తారేమోనని తల వంచుకునే ఆయన కూడా అది అణకువేనని నమ్మారు. తన కంటే చిన్నవారు పైపదవికి వెళ్తుంటే స్టేషనుకు వచ్చి దండ వేసేవారు. ఆ పూట మాత్రం ఇంట్లో అన్నం ముద్ద దిగేది కాదు.

1971లో మూడో ఉత్తర్వు వచ్చింది. స్థానం రేపల్లె. ఈసారీ కాదంటే ఇక పిలుపు ఉండదని పైకార్యాలయం స్పష్టం చేసింది. ఏసుపాదం గారు తిరస్కరణ లేఖ వ్రాసి, జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లారు. సాయంకాలపు కుటుంబ ప్రార్థనలో యథాప్రకారం కళ్లు మూసుకుని పావుగంట సేపు ధారాళంగా ప్రార్థించారు. ఆమెన్ అనగానే శ్రీమతి రాజమ్మ గారు అందుకున్నారు.

"ఏవండీ, ఇంతసేపు ప్రార్థన చేశారు గదా, ఒక్క మాటన్నా తడబడిందా?"

"అది వే... వేరు. దేవుడితో గదా."

"దేవుడి ముందు లేని భయం రైతుల ముందు ఎందుకండీ? వాళ్లేమన్నా దేవుడి కంటే పెద్దోళ్లా?"

"అ... అణకువగా ఉండాలి గదా రాజమ్మా."

"ఇదేం అణకువండీ? ఇచ్చేది ఆ దేవుడు, వద్దనేది మీరు. నీవల్ల కాదని ఆయనెప్పుడన్నా మీతో చెప్పాడా?"

దేవుడు గీయని గీతను తానే గీసుకుని, భయానికి భక్తి తొడుగు తొడిగి, పదేళ్లుగా దాని వెనుక దాక్కున్నానని ఏసుపాదం గారికి ఆ సాయంత్రం తెలిసివచ్చింది. చాలా సిగ్గుపడ్డారు. మరునాటి ఉదయం రాజమ్మ గారు ఆ లేఖతోనే పొయ్యి వెలిగించారు.

రేపల్లెలో మొదటి సమావేశం మరపురానిది. కాలువ చివరి భూముల రైతులు నీరందక మండిపడుతూ వచ్చారు. ఏసుపాదం గారు లేచి నిలబడ్డారు. మాట పెగలలేదు. ఏమీ తోచక, ఇంట్లో అలవాటు చొప్పున కళ్లు మూసుకున్నారు. అది ప్రార్థన కాబోలని యలమంద అనే పెద్దరైతు భుజం మీది తువ్వాలు తీసి లేచారు. ఆయన వెంట అందరూ లేచి చేతులు కట్టుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఏసుపాదం గారు కళ్లు తెరవకుండానే వంతుల పట్టిక మొత్తం తడబాటు లేకుండా వినిపించారు. చివర ఎవరో "ఆమెన్" అన్నారు కూడా! వెంటనే ఒక రైతు, "అయ్యా, మా తూముకి బేస్తవారమా, శుక్రవారమా?" అని అడిగేసరికి ఆయన కళ్లు తెరిచారు.

"శు... శు..."

చేయి కాగితం కోసం బల్ల మీదికి వెళ్లింది.

"నిదానంగానే చెప్పండయ్యా," అన్నారు యలమంద. "మా పొలానికి నీళ్లే నిదానంగా వస్తన్నాయి, మాటకేం తొందర?"

అందరూ నవ్వారు. ఏసుపాదం గారూ నవ్వి, కాగితం వదిలేసి, "శు... శుక్రవారం," అన్నారు.

ఆనాటి నుండి ఈ ఏడేళ్లలో ఆయనకు నత్తి తగ్గలేదు, మాట్లాడటమూ తగ్గలేదు. తగాదాలు తీర్చారు, కొత్త గుమాస్తాలకు పని నేర్పారు, చర్చిలో ముందు బల్లకు వచ్చి వాక్యం చదివారు. కొందరు ముసిముసిగా నవ్వినా ఆగలేదు.

శ్రీ ఏసుపాదం, రాజమ్మ దంపతులకు ఆ ప్రభువు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయువును, ప్రశాంతమైన విశ్రాంత జీవితాన్ని ప్రసాదించుగాక అని మనసారా ప్రార్థిస్తున్నాము. వీడ్కోలు సభలో ప్రతి వక్తకూ మూడు నిమిషాలు కేటాయించాం. చివరి వక్త ఏసుపాదం గారు. ఆయన పేరు ఎదుట మాత్రం సమయం వ్రాయలేదు.