చెయ్యి తెగితేనే

మార్కాపురంలో ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్ల మీద ఆయన దగ్గుతూ కూర్చున్నాడు. భార్య కాగితాలు పట్టుకుని బయటికొచ్చి పక్కన కూలబడింది.

“ఏమన్నాడు ఆ సారు?”

“మనది యాక్సిడెంట్ పాలసీ అంట. పలకలు కోసేటప్పుడు చెయ్యి తెగితే ఇస్తారంట. దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోతే ఇయ్యరంట.”

“పన్నెండేళ్ళు ఒక్క వేలు తెగకుండ కోసినానే.”

“దగ్గుకు వేరే ఉందంట, హెల్త్ పాలసీ. రోగం రాకముందే కట్టుకోవాలంట.”

“అయితే అది కూడ రాయించుకోని రాపో.”

“నీకింక ఇయ్యరంటయ్యా, చెప్తున్నా గదా.”

“నాక్కాదు, నీకు. సోమవారం నుంచి నా బదులు ఆ పలకల కోత మిషన్ కాడ కూర్చునేది నువ్వే గదా.”