చప్పబడిన సముద్రం

"తోమాసూ, ఇట్రా. అక్క ఏమంటుందో విను."

అరుగు మీంచి చిన్నయ్య పిలిచాడు. పెనుమూడిలో, చనిపోయిన ఆశీర్వాదం ఇంట్లో అతని కోసం పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన అప్పుడే ముగిసింది. పాస్టరుగారు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు టీ కోసం కూర్చున్నారు. పోయినవాడి అక్క శోభారాణి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ అదే మాట అంది.

"బీపీ అంటూ చప్పిడి తిండి పెట్టి పెట్టి నా తమ్ముడి ప్రాణం తీసేసింది కుమారి. పొలం పని చేసే మనిషికి ఉప్పు లేకపోతే ఒంట్లో బలమేం ఉంటుంది?"

లోపల చాప మీద కూర్చున్న ఆశీర్వాదం భార్య కుమారి తలెత్తలేదు.

తోమాసు గబగబా వచ్చాడు. ఆరోగ్యకేంద్రం వాళ్ళ ఉప్పు తగ్గించే ప్రచారంలో నర్సమ్మ వెంట ఇల్లిల్లూ తిరిగింది అతనే.

"అట్టా అనకు అక్కా. చేసి చూసినోణ్ణి గనక చెబుతున్నా. మొదట్లో నేనేం చేశాను, రేపల్లె బస్టాండు దగ్గర హోటల్లో బల్లల మీద ఉప్పు డబ్బాలు తీయించాను, అంతే. వారం తిరక్కుండా అక్కడ టిఫిన్ తినే కండక్టర్లందరికీ బీపీ దిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెనాలి డాక్టర్లు కబురంపారు, తోమాసుగారూ కాస్త నెమ్మదిగా కానివ్వండి, మా ఆసుపత్రిలో మంచాలన్నీ ఖాళీగా పడున్నాయండి అని."

"మరి ఆ మంచాలేం చేశారు బావా?" అన్నాడు చిన్నయ్య.

"పెళ్ళివాళ్ళకి అద్దెకిచ్చారు. విను ముందు. బాపట్లవాళ్ళు కారు పంపారు. సూర్యలంకలో ఎండుచేపలకి ఉప్పు పట్టించే ఆడోళ్ళ ముందు పొద్దున్నే మాట్లాడటం మొదలెట్టా. మధ్యాహ్నానికి వాళ్ళు ఉప్పు బుట్టలు బోర్లించారు. సాయంత్రానికి వలలో చేపలు కూడా, మాకొద్దు ఈ ఉప్పునీళ్ళు అని తోకల మీద లేచి కృష్ణా నది వైపు నడిచినయ్. నేను ముందు, అవి వెనక, రోడ్డంతా తడి."

"బస్సెక్కించలేకపోయావా?"

"వాసనొస్తున్నాయని ఎక్కించుకోలా. ఇంక సముద్రం ఒంటరిదైపోయింది. ఉప్పు ఎవరి కోసం దాచుకుంటుంది పాపం? చప్పబడిపోయింది. గుంటూరు నుంచి స్నానాలకొచ్చినోళ్ళు ఆ నీళ్ళు బిందెలతో పట్టుకెళ్ళి పప్పు ఉడకేసుకున్నారు."

శోభారాణి మొహంలో కూడా నవ్వులాంటిదేదో కదిలింది. అది చూసి తోమాసుకి ఊపొచ్చింది.

"ఆఖరికి ఏమైందో చెప్పనా? మరణదూత వచ్చి పెనుమూడి బ్రిడ్జి మీద నిలబడ్డాడు. ఊళ్ళో ఒక్కడికన్నా బీపీ ఉంటేగా. వట్టి చేతులతో వెనక్కి..."

అందరి చూపులూ గోడ మీద ఆశీర్వాదం ఫొటో వైపు వెళ్ళాయి.

"మరి నా తమ్ముడి దగ్గరికెలా వచ్చాడు తోమాసూ?" శోభారాణి మెల్లగా అడిగింది. "ఉప్పు మానినోడేగా. తలలో నరం ఎందుకు చిట్లింది?"

టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉన్న ఆశీర్వాదం కూతురు సుజన పళ్ళెం కింద పెట్టేసింది.

"నాన్న మానలేదత్తా. అమ్మ నర్సమ్మ చెప్పినట్టే వండేది. నాన్న రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. నేను చూడలేకపోయేదాన్ని. పొలానికి క్యారేజీ తీసుకెళ్ళేది నేనేగా. కాలవగట్టు మీద మూత తీసి, ఇంట్లోంచి తెచ్చిన ఉప్పు కూరలో కలిపేదాన్ని. నాన్నకి తెలీదు. మీ అమ్మకి ఇప్పటికి వంట కుదిరిందే అని కడుపునిండా తినేవాడు."

లోపల కుమారి గోడ పట్టుకుని లేచింది. సుజన ఆమె వైపే చూస్తూ చెప్పింది.

"అమ్మనేం అనకండి. ఆ ఉప్పు పెట్టింది నేను."